సిమ్ మార్చాక రౌటర్‌లో నెట్ రాలేదా? షాపుకి పరిగెత్తకండి, నాకు 1,800 పోయింది

ఇప్పుడే ఇంటికొచ్చాను, చొక్కా కూడా మార్చలేదు. ఇది రాస్తే గానీ అన్నం దిగదు. తిరుపతిలో సెల్ రిపేర్ అనగానే మనలో సగం మంది వెళ్లే షాపే. పేరు రాయను, తెలిసినవాళ్లకు తెలుస్తుంది.

మాది తిరుచానూరు వైపు. సందులోకి ఫైబర్ వైరు రాలేదు కాబట్టి సిమ్ వేసుకునే వైఫై రౌటరే దిక్కు. పాత నెట్‌వర్క్ సాయంత్రమైతే చచ్చిపోతోందని నంబర్ పోర్ట్ పెట్టాను. 1900కి మెసేజ్, కోడ్, కొత్త సిమ్, అన్నీ సాఫీగా అయ్యాయి. రౌటర్‌లో వేస్తే సిగ్నల్ లైటు వెలుగుతోంది, వైఫై కలుస్తోంది, నెట్ మాత్రం లేదు. ఇద్దరు క్లయింట్లకు 20వ తేదీలోపు జీఎస్టీ 3బీ (నెలవారీ పన్ను రిటర్న్) వేయాలి. ఆ టెన్షన్‌లో రౌటర్‌ని సంచిలో వేసుకుని బండి తీశాను.

ఓనరు దాన్ని అటూ ఇటూ తిప్పి, సిమ్ పెట్టే చోట ఉఫ్ అని ఊది, "బోర్డు పోయింది సార్. చెన్నై పంపితే పది రోజులు. ఇక్కడే చిప్పు ప్రోగ్రాం చేయిస్తా, 1,800 అవుతుంది" అన్నాడు. అదే సిమ్ ఫోన్‌లో వేస్తే నెట్ వస్తోంది కదా అన్నాను. "ఫోన్ వేరు, ఇది వేరు సార్." నిజమే, వేరే. ఫోన్ అయితే కొత్త కంపెనీ సెట్టింగ్ తనే తెచ్చుకుంటుంది, రౌటర్ పాతదే పట్టుకుని కూర్చుంది. ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుంటున్న పెద్దమనిషికి ఆ ముక్క అప్పుడు వెలగలేదు. ఫోన్‌పే కొట్టేశాను.

ఓనరు ఎవరితోనో ఫోన్ మాట్లాడుతూ బయటికెళ్లాడు. పని కౌంటర్ దగ్గరి పిల్లాడు మొదలుపెట్టాడు. ల్యాప్‌టాప్‌ బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాడు, అది రౌటర్ సెట్టింగుల అడ్రసు. ఒక పేజీ తెరిచాడు. ఏపీఎన్ అన్న గడిలో (ఏ కంపెనీ నెట్‌కి కలవాలో రౌటర్‌కి చెప్పే పేరు అది) పాత కంపెనీ పేరు అట్లే ఉంది. కింద అథెంటికేషన్ (లాగిన్ తనిఖీ పద్ధతి) దగ్గర చాప్ అని, యూజర్ నేమ్ గడిలోనూ ఏదో పాతది. రెండూ చెరిపి, కొత్త ఏపీఎన్ కొట్టి, అథెంటికేషన్ 'నన్' అని పెట్టి సేవ్ నొక్కాడు. నెట్ వచ్చేసింది. నాకిచ్చిన టీ ఇంకా వేడిగానే ఉంది.

"చిప్పు ప్రోగ్రాం అంటే ఇదేనా తమ్ముడూ?" అన్నాను. వాడు తల ఎత్తలేదు.

కొండ మీద కల్యాణకట్టలో గుండు ఉచితం. కొండ కింద 1,800.

అక్కడితో అయిపోతే ఈ పోస్టు రాసేవాడిని కాదు, మన తెలివితక్కువకు ఫీజు అనుకుని ఊరుకునేవాడిని. రౌటర్ పేజీ లాగిన్ పాస్‌వర్డ్ మార్చినట్టున్నారు, చెప్పండి అని అడిగాను. ఓనరు నలుగురు కస్టమర్ల ముందు నవ్వుతూ, "అది మీకిచ్చేస్తే రేపు మా షాపుకి ఎందుకొస్తారు సార్?" అన్నాడు. నా డబ్బుతో నేను కొన్న రౌటర్, తాళం ఆయన జేబులో! పోనీ బిల్లివ్వండి అంటే, "చిప్పు పనికి బిల్లుండదు సార్." ఆ నలుగురిలో ఒకాయన నవ్వాడు కూడా. అది ఇంకా మండుతోంది.

ఇంటికొచ్చి రౌటర్ వెనక చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కాను. వాడి పాస్‌వర్డ్ ఎగిరిపోయింది, అడుగున స్టిక్కర్ మీదున్నదే మళ్లీ పనిచేసింది. ఏపీఎన్ కూడా మొదటికొచ్చింది, ఆ పిల్లాడు చేసిందే నేనూ చేశాను. మీకూ ఇంతే. జియో అయితే జియోనెట్, బీఎస్ఎన్ఎల్ అయితే బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్ అయితే ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్. ఇంగ్లీషులో చిన్న అక్షరాలు, మధ్యలో ఖాళీ వద్దు. మామూలు సిమ్‌కి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేయొచ్చు. అయితే ఏదైనా కంపెనీ తన పేరుతో అమ్మిన హాట్‌స్పాట్ అయితే వేరే సిమ్ తీసుకోకపోవచ్చు, అది లాక్.

3బీలు వేసేశాను. బిల్లు లేకపోయినా ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ఉంది. పొద్దున 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తున్నా.