లుథులీ, టుటు, మండేలా: ముందుగా ఎవరిని చదవాలి?

నోబెల్ శాంతి బహుమతి పొందిన దక్షిణాఫ్రికా నల్లజాతి నాయకులలో పిల్లల చేత ముందుగా ఎవరి జీవితం చదివించాలని, వక్తృత్వ పోటీలు దగ్గరపడినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగేవారి మనసులో మండేలా పేరు అప్పటికే స్థిరపడి ఉంటుంది. 27 ఏళ్ల జైలు, 1990లో భారతరత్న, 1993లో అప్పటి శ్వేతజాతి అధ్యక్షుడు డి క్లెర్క్‌తో కలిసి నోబెల్. చెప్పేవారికీ వినేవారికీ సుఖాంతం ముందే తెలిసిన కథ.

నేను మాత్రం ఆల్బర్ట్ లుథులీ వైపే మొగ్గుతాను. గౌరవం దక్కేనాటికి వర్ణవివక్షపై పోరాటం ఏ దశలో ఉన్నదన్నదే నాకు గీటురాయి. నాటాల్ తీరంలో, మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన మన తెలుగు కూలీలు కూడా చెమటోడ్చిన ఆ చెరకు సీమలో, గ్రౌట్‌విల్ ప్రజలకు ఆయన పెద్ద. 1952లో ప్రభుత్వం, ఆ పోరాటం నడిపే ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌నో పెద్దరికాన్నో వదులుకోమంటే, రెండింటిలో ఏదీ వదలనన్నారు, పదవి ఊడగొట్టారు. 1960లో షార్ప్‌విల్‌లో పోలీసు కాల్పులకు 69 మంది బలైన తరువాత నల్లజాతివారు వెంట ఉంచుకోక తప్పని గుర్తింపు పత్రాన్ని, తన పాసు పుస్తకాన్ని, బహిరంగంగా తగలబెట్టారు. 1960 సంవత్సరపు బహుమతిని 1961 డిసెంబరు 10న ఓస్లోలో అందుకున్నది, సొంత జిల్లా దాటరాదన్న నిషేధం నుంచి కొద్దిరోజుల సడలింపు మీద వెళ్లిన మనిషి.

సరిగ్గా ఆరు రోజులకు, డిసెంబరు 16న, మండేలా తదితరులు నెలకొల్పిన సాయుధ విభాగం తొలి బాంబులు పేల్చింది. అప్పుడు ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు లుథులీయే. అహింసను నమ్మిన నాయకుడి ఇరకాటం ఆ వారంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. దీనివల్ల మండేలా చిన్నబోరు. హింసను సమర్థించారన్న కారణంతో 1964లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఆయనను అంతరాత్మ ఖైదీగా, అంటే హింసకు దిగకుండా కేవలం విశ్వాసాల కోసం జైలుపాలైన వ్యక్తిగా, గుర్తించలేదని తెలిస్తే, ఆయన కథ కూడా మరింత లోతుగా అర్థమవుతుంది.

క్రైస్తవ మతాచార్యుడు డెస్మండ్ టుటుకు 1984లో, పోరాటం నడిమధ్యన, బహుమతి వచ్చింది. వర్ణవివక్ష ప్రభుత్వంపై ఆంక్షల కోసం ఆయన ఎత్తిన గొంతుకు అది బలమిచ్చింది. హాస్యం పండించగల పిల్లవాడైతే టుటును ఎంచుకోవచ్చు. ఖండం దాటితే మార్టిన్ లూథర్ కింగ్ ఉండనే ఉన్నారు, ఆయనను ఎవరూ పరిచయం చేయనక్కరలేదు.

లుథులీ 1967లో, నిషేధం తొలగకుండానే, గ్రౌట్‌విల్ సమీపంలో కన్నుమూశారు. అప్పటికి మండేలా రాబెన్ దీవి జైలులో మూడేళ్లు పూర్తి చేసుకున్నారు.