సర్క్యులర్ సూదుల సెట్: మెడలోని ఆ చిన్న రంధ్రం కోసం

ఊలు అల్లడానికి ఒకే కేబుల్ రెండు కొసలకూ సూదులు బిగించుకుని, కావలసినప్పుడు ఆ సూదులు మార్చుకునే సర్క్యులర్ సెట్ల గురించి రాసేవాళ్లంతా చెక్క నునుపు గురించి, మొన వాడి గురించి, కేబుల్ మెత్తదనం గురించి రాస్తారు. వాటి జోలికి నేను పోను. కేబుల్ చివర సూదిని మర తిప్పి బిగించే లోహపు మెడ ఒకటి ఉంటుంది కదా, అందులో గుండుసూది పట్టేంత రంధ్రం ఉంటుంది. ఇన్నేళ్లుగా ఈ సెట్‌ను నేను వదలకపోవడానికి కారణం ఆ రంధ్రమే.

దాని అసలు పని వేరు. సెట్‌తో పాటు వచ్చే వంచిన తీగముక్కను అందులో దూర్చి, మెడ కదలకుండా పట్టుకుని, సూదిని ఇంకో పావు చుట్టు తిప్పితే మర గట్టిగా పడుతుంది. కానీ అదే రంధ్రంలోకి సన్నటి దారం ఎక్కించి, పొడుగాటి కొస వదిలి ఒక వరస అల్లితే, సూది వెళ్లిన ప్రతి కుట్టులోంచీ ఆ దారం కూడా వెళ్తుంది. వరస పూర్తయ్యాక దారాన్ని రంధ్రంలోంచి తీసేస్తాం. ఇక ఆ పైన ఎన్ని వరసలు అల్లినా, ఎక్కడ ఏ కుట్టు జారినా, విప్పుకుంటూ వచ్చి ఆ దారం దగ్గర ఆగవచ్చు. అల్లేవాళ్లు దీన్ని లైఫ్‌లైన్ అంటారు. ఈ రంధ్రం లేని సూదులతో అయితే లావు కన్నున్న మొద్దు సూదితో ఒక్కొక్క కుట్టులోంచీ దారం లాగాలి. మూడు వందల కుట్ల వరసకు ఆ పని చేసే ఓపిక ఎవరికుంటుంది? అందుకే చాలామంది లైఫ్‌లైన్ వేయకుండానే ధైర్యం చేస్తారు.

దాని అవసరం ఎంతో తెలియాలంటే ఏ ఊలుతో అల్లుతున్నామో చెప్పాలి. నెల్లూరు బజారులో ఊలు అని అడిగితే సాధారణంగా చేతికి వచ్చేది యాక్రిలిక్. అసలైన గొర్రె ఉన్ని కావాలంటే తెప్పించుకోవలసిందే. మా జిల్లా పేరు మోస్తున్న నెల్లూరు గొర్రె ఉంది, దేశంలో ఎత్తైన గొర్రెల్లో దాని పేరు ముందుంటుంది. పల్ల, జోడిపి, డోర అని అందులో మూడు రకాలు. కానీ వాటి ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుకే, వడికే ఉన్ని కాదు. ఈ ఎండల్లో ఉన్ని మోసే గొర్రెకు ఇక్కడ ఏం పని! వాటిని పెంచేది మాంసం కోసం. కాబట్టి నా బుట్టలోకి వచ్చేది బయటి నుంచి వచ్చిన మెరినో అనే మెత్తటి గొర్రె ఉన్ని, అందులోనూ ఎక్కువగా మెషిన్‌లో ఉతికినా ముడుచుకోని సూపర్‌వాష్ రకం. మా అమ్మాయి ఢిల్లీలో ఉంటుంది, వాళ్లింట్లో బట్టలన్నీ వాషింగ్ మెషిన్‌లోకే వెళ్తాయి. మామూలు ఉన్ని స్వెట్టరు అందులో పడితే ముడుచుకుని బొంతలా గట్టిపడుతుంది.

ఉన్ని పోగు మీద కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడికీ, తడికీ, రాపిడికీ అవి ఒకదానిలో ఒకటి చిక్కుకోవడం వల్లనే గుడ్డ ముడుచుకుపోతుంది. సూపర్‌వాష్ చేసేటప్పుడు ఆ పొలుసుల అంచులను క్లోరిన్‌తో అరగదీసి, పైన పలుచటి పాలిమర్ పూత వేస్తారు. ఉతుకుకు అది వరమే. అల్లేవాళ్లకు మాత్రం అదే చిక్కు. పొలుసులు పట్టుకోని పోగు నున్నగా జారుతుంది. మామూలు ఉన్నిలో సూది నుంచి తప్పిన కుట్టు ఉన్నచోటే కాసేపు నిలుస్తుంది. సూపర్‌వాష్‌లో అది కిందికి దిగుతూనే ఉంటుంది.

ఇక ఆ రంధ్రం నన్ను ఆదుకున్న సంగతి. మా అమ్మాయికి పైనుంచి కిందికి అల్లే గుండ్రటి యోక్ (మెడ చుట్టూ భుజాల మీదుగా వచ్చే భాగం) స్వెట్టరు, 4 మిల్లీమీటర్ల సూదులు, 100 సెంటీమీటర్ల కేబుల్. యోక్ నిండా ఆకుల నమూనా. 18 కుట్లకు ఒక ఆకు చొప్పున చుట్టూ 16 ఆకులు, అంటే వరసకు 288 కుట్లు. ఆకు పూర్తయ్యేది 12 వరసలకు. ప్రతి ఆకు ముగిసిన వరసలో లైఫ్‌లైన్ వేసుకుంటూ వస్తున్నాను. ఒంగోలులో అక్క మనవరాలి నిశ్చితార్థానికని సాయంత్రం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని అల్లుతున్నాను. కావలి దాటాక, సింగరాయకొండ ఇంకా రాకముందు, చేతిలో ఉన్నట్టుండి ఏదో తేలికైపోయింది. చూస్తే సూది, దానితో పాటు లోహపు మెడ నా చేతిలో ఉన్నాయి. కేబుల్ మాత్రం మెడలోంచి ఊడి వచ్చేసింది. మర వదులు కాలేదు, అది బిగించినట్టే ఉంది. మెడ లోపల కేబుల్‌ను పట్టి ఉంచే జిగురు వదిలేసింది.

బోడి కేబుల్ చివర నుంచి కుట్లు ఒకదాని వెనుక ఒకటి జారిపోతున్నాయి. రైలు ఊపు దానికి తోడు. ఎదురు సీటులో ఉన్న ఆవిడ "అమ్మా, మీ అల్లిక జారిపోతోంది, పట్టుకోండి!" అని తానే ముందుకు వంగి, పమిట చెంగుతో కింద పట్టింది. ఆవిడ ఆసరాతో కేబుల్ రెండు కొసలనూ కలిపి ముడేశాను. అప్పటికే నాలుగు ఆకుల వెడల్పున కుట్లు పోయాయి.

మామూలు అల్లికైతే జారిన కుట్టును క్రోషా సూదితో మెట్టు మెట్టుగా పైకి తెచ్చుకోవచ్చు. ఆకుల నమూనాలో అది కుదరదు. రంధ్రాలు పడేందుకు సూది చుట్టూ దారం తిప్పి పెట్టే కుట్లుంటాయి చూడండి, అవి జారితే కింద వాటికి ఆనవాలే ఉండదు, పైన ఉన్న దారం కాస్త వదులవుతుంది, అంతే. రెండు కుట్లు కలిపి అల్లినది జారితే రెండుగా విడిపోతుంది, అందులో ఏది ఎడమకు వాలిందో ఏది కుడికి వాలిందో చూసి పోల్చుకోలేము. నాలుగు ఆకుల మేర అలా ఊడిందంటే, లైఫ్‌లైన్ లేకపోయి ఉంటే నేను మెడపట్టీ దాకా విప్పవలసి వచ్చేది.

కానీ ఏడు వరసల కింద దారం ఉంది. జారిన కుట్లన్నీ దాని దాకా వచ్చి, అక్కడ ఆగాయి. ఆ దారం మీద నిలబడ్డ కుట్లను చూసి నాకు కలిగిన ఊరట ఇంతింత కాదు. ఎదురు సీటు ఆవిడకు ఆ దారాన్ని వేలితో చూపించి, అది అక్కడ ఎందుకుందో చెప్పాను. ఆవిడ అంతా విని "ఇది ఎవరు కనిపెట్టారో గాని వాళ్ల కడుపు చల్లగా" అంది. నాదీ అదే మాట.

ఆ రాత్రి కర్నూలు రోడ్డులో అక్క వాళ్లింట్లో కూర్చుని మిగిలిన ఏడు వరసలనూ విప్పేశాను. సుమారు 2,000 కుట్లు పోయినట్టే, అయినా యోక్ అంతా పోవడంతో పోలిస్తే అది ఏ మూలకు? సంచిలో మేజోళ్ల కోసం పెట్టుకున్న 2.25 మిల్లీమీటర్ల సర్క్యులర్ సూది ఉంది. లైఫ్‌లైన్ దారి వెంట కుట్లను తిరిగి ఎక్కించడానికి అసలు సూది కంటే సన్నటిది తీసుకుంటే పని సులువు, కుట్లు సాగవు. వరసంతా ఎక్కించి లెక్కపెడితే సరిగ్గా 288. అంతటితో పడుకున్నాను.

ఇదివరకు ఈ సెట్ గురించి అడిగిన ప్రతివాళ్లకూ "ఇది ఒక్కటి కొంటే చాలు" అని చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మాటకు కొంత చేర్పు ఉంది. కేబుళ్లు విడిగా ఒకటి రెండు ఎక్కువ కొని దగ్గర పెట్టుకోండి. ప్రతి కొత్త పని మొదలుపెట్టే ముందు మెడను ఒక చేత్తో, కేబుల్‌ను ఇంకో చేత్తో పట్టి మెల్లగా లాగి, తిప్పి చూడండి. మెడ దగ్గర కేబుల్ కాస్త గిర్రున తిరుగుతున్నా, అతుకు దగ్గర తెల్లటి గీత కనిపించినా దాన్ని పక్కన పెట్టేయాలి. ఊడిన కేబుల్ బదులు అమ్మినవాళ్లు కొత్తది పంపారు, అందులో నాకు ఫిర్యాదు లేదు. కానీ అది వచ్చేదాకా స్వెట్టరు ఆ మేజోళ్ల సూది మీదే ఉండిపోయింది. అప్పటికి మా ఊళ్లో ఏ దుకాణంలోనూ అలాంటి కేబుల్ దొరకలేదు. హైదరాబాదులోనో చెన్నైలోనో ఉండేవాళ్లకు ఇది అంత బాధగా అనిపించకపోవచ్చు.

లైఫ్‌లైన్‌కు ఏ దారం వాడాలన్నది కూడా చెప్పాలి. రంధ్రం చిన్నది, లావు దారం పట్టదు. పూలు కట్టే దారం అందరిళ్లలోనూ ఉంటుంది గాని అది మెరినో మీద నూగు వదులుతుంది. బట్టలు కుట్టే దారం మరీ సన్నం, కుట్టును కోసినట్టు లోపలికి దిగి, తరువాత వెతికితే కనిపించదు. సన్నటి మెర్సిరైజ్డ్ (నునుపు, మెరుపు వచ్చేలా శుద్ధి చేసిన నూలు) క్రోషా దారం అన్నిటికంటే మేలు, నున్నగా వస్తుంది, నున్నగా పోతుంది. లేత రంగు ఊలుకు ఎర్ర దారం వద్దు, తడిస్తే రంగు దిగవచ్చు. ఇంకొక సంగతి, కుట్ల మధ్య గుర్తుకు వేసే ఉంగరాలలోంచి కూడా ఈ దారం వెళ్లిపోతుంది. తరువాతి వరసలో ఉంగరం పైకి రాదు, దారానికి కట్టుబడి అక్కడే ఉంటుంది. కొక్కెంలా తెరుచుకునే రకం గుర్తులు వాడితే ఆ ఇబ్బంది లేదు. అవి లేనిచోట పిన్నీసు చాలు.

మేజోళ్ల విషయంలో మాత్రం నాకు నిజంగా కోపం ఉంది. నా సెట్‌లో అన్నిటికంటే సన్నటి సూది 3.5 మిల్లీమీటర్లది. మేజోళ్లు అల్లేది అంతకంటే చాలా సన్నటి సూదుల మీద. 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్ కలిసిన మేజోళ్ల నూలుతో నేను 64 కుట్ల మీద అల్లుతాను, మడమకు అందులో సగం, 32. మడమ తిప్పే చోటు కంటే లైఫ్‌లైన్ అవసరమైన చోటు ఇంకొకటి లేదు. మడమ లోతు పాదానికి సరిపోలేదని తెలిసేది అది పూర్తయ్యాకే. నా దగ్గరున్న మేజోళ్ల సూదులకు కేబుల్ అతికే ఉంటుంది, మెడలో రంధ్రం లేదు. అక్కడ నేను మళ్లీ మొద్దు సూదితో ఒక్కొక్క కుట్టులోంచీ దారం లాగుతూ కూర్చుంటాను. అతికిన సూదికి బిగించే పని లేదు కాబట్టి రంధ్రం అక్కర్లేదని వాళ్ల లెక్క కాబోలు. దారం కోసమైనా పెట్టవచ్చు కదా!

మా గాలికి ఈ సెట్ ఎలా తట్టుకుందంటే, పరవాలేదు. ఇక్కడి ఉక్కకు వేళ్లు చెమర్చి, ఊలు సూదికి అంటుకుంటుంది. రోహిణి కార్తెలో నేను ఊలు ముట్టను. ఈశాన్య రుతుపవనం వచ్చాక, అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా నాకు అల్లిక కాలం. ఆ నెలల్లో గాలిలో తేమకు చెక్క సూది కొంచెం పట్టినట్టు ఉంటుంది. సూపర్‌వాష్‌కు ఆ పట్టు మంచిదే, లోహపు సూది మీద అయితే అది మరీ జారుతుంది. మర లోపల లోహం కాస్త నల్లబడింది, పొడిబట్టతో తుడిచి పెడుతున్నాను. ఒక మొన దగ్గర పేడు లేచింది, సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది మైనం పూస్తే సరిపోయింది. జడల అల్లికకు వాడే పొట్టి సూది మాత్రం సెట్‌లోది పక్కన పెట్టి, ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చేసే పనివాళ్ల చేత చేయించుకున్నాను. దాని నునుపు ముందు ఈ సెట్‌లోని ఏ సూదీ నిలవదు.

కొనాలా వద్దా అని అడిగితే, మీరు ఏం అల్లుతారన్నది నేను అడుగుతాను. పసిపిల్లలకు యాక్రిలిక్ టోపీలు, మఫ్లర్లు అల్లేవాళ్లకు జత సూదులు చాలు, ఇంత డబ్బు అక్కర్లేదు. మేజోళ్లే మీ పని అయితే ఈ సెట్ మీకు దేనికీ పనికిరాదు. సూపర్‌వాష్ ఊలుతో, రంధ్రాల నమూనాలతో, చుట్టూ తిరిగే స్వెట్టర్లు అల్లేవాళ్లయితే కొనండి, కొనేముందు మెడలో రంధ్రం ఉందో లేదో చూసుకోండి, కొన్ని సెట్లకు మరోలా బిగించే పద్ధతి ఉంటుంది. నా మాట కూడా నా పరిస్థితికి లోబడిందే. స్వెట్టరు అవసరం లేని ఊళ్లో ఉండి, చలి ఊళ్లవాళ్ల కోసం అల్లుతాను, తొందర ఉండదు, ఒక్కొక్క దాని మీద ఎన్నాళ్లైనా కూర్చోగలను. ధనుర్మాసంలో తిరుమల వెళ్లేలోగా చెయ్యాలని మా బావగారు అడిగిన చేతుల్లేని స్వెట్టరు ఇప్పుడు ఈ సూదుల మీదే ఉంది. అది పూత లేని మామూలు ఉన్ని, జారదు. అయినా జేబుల దగ్గర ఒక దారం వేసే ఉంచాను.