మన ఎండలకి చిక్కటి ఇంజిన్ ఆయిలే కరెక్టా? బాలెనోలో 43 వేల కిలోమీటర్ల తర్వాత నా మాట

నాది 2022 డిసెంబర్‌లో తీసుకున్న మారుతి బాలెనో, పెట్రోల్, మాన్యువల్ గేర్. ఇల్లు గుంటూరు, బ్యాంకు ఉద్యోగం నరసరావుపేట. పేరేచర్ల, ఫిరంగిపురం మీదుగా పోనూ రానూ రోజుకి 90 కిలోమీటర్లు. అంటే పదివేల కిలోమీటర్లు నాకు ఆరు నెలలు తిరక్కుండానే అయిపోతాయి. ఇప్పటిదాకా నాలుగు మామూలు ఆయిల్ మార్పులు, మధ్యలో అనుకోకుండా ఒకటి అదనంగా, మొత్తం ఐదుసార్లు ఆయిల్ మార్పించాను. ఆ అదనపు మార్పు వల్లే ఇదంతా రాయాలనిపించింది.

2024 మే నెల. మీటర్ 30 వేలు దాటింది. సర్వీస్ సెంటర్‌లో వారం దాకా ఖాళీ లేదన్నారు. నాకు ఒక్క ఆదివారమే కుదురుతుంది. ఇంటికి దగ్గర్లో చాలా ఏళ్లుగా నడుస్తున్న ఒక గ్యారేజ్ ఉంటే అక్కడికి తీసుకెళ్లాను. కారుతో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో చెప్పిన 0డబ్ల్యూ-16 అనే పల్చటి గ్రేడ్ ఆయిల్ కావాలని అడిగాను. అక్కడి మెకానిక్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి, దానికంటిన ఆయిల్‌ని వేళ్లతో రుద్ది చూశాడు. "ఇది నీళ్లలాగా ఉందమ్మా. చలి దేశాల వాళ్లకి చేసిన ఆయిల్. మన పల్నాడు ఎండలకి ఇది ఆగదు. 20-50 పోస్తాను, ఇంజిన్ వెన్నలా పోతుంది చూడండి" అన్నాడు. రెంటచింతలలో ఎండ ఎంత ఉంటుందో తెలిసిన ఎవరికైనా ఆ మాట నిజమే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. సరే అన్నాను. మూడు లీటర్ల పైచిలుకు 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోశాడు.

మర్నాడు పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని శబ్దం. అంతకుముందు ఎప్పుడూ లేదు. ఈ కారులో సిగ్నళ్ల దగ్గర పెట్రోల్ ఆదాకి ఇంజిన్ దానంతట అదే ఆగుతుంది; చుట్టుగుంట సిగ్నల్ దగ్గర అలా ఆగి మళ్లీ అందుకునేటప్పుడు బండి కొద్దిగా వణికినట్టు తెలిసింది. రెండో గేర్‌లో పికప్ బరువుగా ఉంది. ట్యాంకు ఫుల్ చేయించి, మళ్లీ ఫుల్ చేయించి లెక్క కట్టే అలవాటు నాకు మొదటినుంచీ ఉంది. ఎప్పుడూ లీటరుకి 20 కిలోమీటర్ల పైన ఇచ్చే బండి ఆ మూడు వారాలు 19 దగ్గర ఆగిపోయింది. ఏసీ గట్టిగా వాడే నెల కాబట్టి కొంత దానిది కూడా ఉంటుంది. కానీ ముందు ఏడాది మే నెలలో కూడా అదే రోడ్డు, అదే ఏసీ. అప్పుడు 20 తగ్గలేదు.

1,400 కిలోమీటర్లకే ఆ ఆయిల్ తీయించేసి, సర్వీస్ సెంటర్‌లో మళ్లీ 0డబ్ల్యూ-16 పోయించాను. మర్నాడు పొద్దున శబ్దం లేదు. మైలేజీ రెండు ట్యాంకుల తర్వాత పాత దారికి వచ్చింది.

ఆ మెకానిక్ నన్ను మోసం చేశాడని నేను అనను. ఆయన పాతికేళ్లు చూసిన ఇంజిన్లకి అది సరైన మాటే. లోపలి భాగాల మధ్య సందు ఎక్కువ ఉన్న పాత ఇంజిన్లకి చిక్కటి ఆయిల్ కావాలి. కానీ "మన ఎండలు" అనే కారణం మాత్రం తప్పు. ఆ తప్పు వల్ల ఎంతోమంది కొత్త కార్లలో చిక్కటి ఆయిల్ పోయిస్తున్నారు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

బయట 46 డిగ్రీలు ఉన్నా 26 డిగ్రీలు ఉన్నా, నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ ఉండేది దాదాపు 100 డిగ్రీల దగ్గరే. రేడియేటర్, థర్మోస్టాట్ ఉన్నది ఆ వేడిని ఒక హద్దులో ఉంచడానికే. ఆయిల్ గ్రేడ్‌లో రెండో అంకె, అంటే 16, 20, 30, 50, ఆ 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెప్తుంది. ఆ వేడిలో 50 గ్రేడ్ ఆయిల్ 16 గ్రేడ్ కంటే సుమారు రెండు రెట్లు, అంతకంటే ఎక్కువ కూడా, చిక్కగా ఉంటుంది. ఇక డబ్ల్యూ అంటే వింటర్, చలి. 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. గుంటూరులో ఆ చలి ఎప్పటికీ రాదు, నిజమే. అయితే పొద్దున 30 డిగ్రీల దగ్గర ఆగి ఉన్న ఇంజిన్‌కి కూడా 100తో పోలిస్తే చలే. ఆ స్థితిలో 20డబ్ల్యూ-50 ఎంతో చిక్కగా ఉంటుంది, ఇంజిన్ పైభాగం దాకా చేరడానికి ఆలస్యం అవుతుంది. నేను విన్న టకటక ఆ ఆలస్యమే.

నా కారులో ఉన్నది డ్యూయల్ జెట్, డ్యూయల్ వీవీటీ ఇంజిన్. వీవీటీ అంటే వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో సర్దే యంత్రాంగం, అది ఆయిల్ ఒత్తిడితోనే పని చేస్తుంది. సన్నటి దారుల్లోంచి పల్చటి ఆయిల్ పారాలని లెక్కేసి చేసిన ఇంజిన్ అది. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ అందుకునే ఇంజిన్ రోజుకి ఎన్నోసార్లు స్టార్ట్ అవుతుంది. ప్రతిసారీ ఆయిల్ వెంటనే బేరింగులకి చేరాలి. ఈ 16 అనే గ్రేడ్ అసలు ప్రమాణాల్లోకి వచ్చిందే 2013లో. కాబట్టి పాత గ్యారేజీల్లో అది తెలియకపోవడంలో వింత లేదు.

ఇక ప్రత్యేకంగా తయారు చేసిన సింథటిక్ ఆయిలా, మామూలు మినరల్ ఆయిలా అనే ప్రశ్న. నా కారు విషయంలో ఆ ప్రశ్నకి జవాబు మాన్యువల్ ముందే చెప్పేసింది. అంత పల్చగా ఉంటూ, వేడికి ఆవిరైపోకుండా, పొర తెగకుండా నిలబడాలంటే మామూలు ముడి నూనెని శుద్ధి చేసి తీసిన మినరల్ ఆయిల్‌తో కుదరదు. దుకాణాల్లో 0డబ్ల్యూ-16 మినరల్ అని నాకు ఎక్కడా కనిపించలేదు. అందుకే కొత్త కారు ఉన్నవాళ్లకి నేను చెప్పేది: ముందు మాన్యువల్‌లో గ్రేడ్ చూడండి. 0డబ్ల్యూతో మొదలైతే మీరు సింథటిక్ వైపే వెళ్తారు. 5డబ్ల్యూ-30 అయితే సెమీ సింథటిక్ (సింథటిక్, మినరల్ కలిపింది) కూడా దొరుకుతుంది, అక్కడే మీరు ఆలోచించుకోవాలి.

మినరల్ ఆయిల్‌లో పెద్దవీ చిన్నవీ అణువులు కలిసి ఉంటాయి, మైనం కూడా కొంత ఉంటుంది. సింథటిక్‌లో అణువులు దాదాపు ఒకే తీరుగా ఉండేలా చేస్తారు. దాంతో వేడికి త్వరగా పాడవదు, మడ్డి తక్కువ కడుతుంది. అయితే సింథటిక్ అనే మాట కింద అమ్మేదంతా ఒకటి కాదు. ముడి నూనెనే బాగా లోతుగా శుద్ధి చేసి మార్చిన గ్రూప్ 3 ఆయిల్‌ని కూడా సింథటిక్ అనే అమ్ముతారు. దీని మీద అమెరికాలో మొబిల్ వాళ్లు క్యాస్ట్రాల్ మీద ఫిర్యాదు చేస్తే, 1999లో అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ అలా పిలవచ్చనే తేల్చింది. షెల్ వాళ్లు ఖతార్‌లో సహజ వాయువు నుంచే బేస్ ఆయిల్ (ఇంజిన్ ఆయిల్‌కి మూలమైన నూనె) తయారు చేస్తున్నారు. మనకి కొనేటప్పుడు ఇంత చర్చ అక్కర్లేదు. గ్రేడ్ సరిపోయి, ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నాణ్యతా ప్రమాణమైన ఎస్పీ ముద్ర ఉంటే గ్రూప్ 3 అయినా నాకు సమ్మతమే. ఎస్పీ 2020లో వచ్చిన ప్రమాణం. ఒక్కటి మాత్రం చూసుకోండి: క్యాన్ మీద "ఫుల్లీ సింథటిక్" అని ఉందా, "సింథటిక్ టెక్నాలజీ" అని ఉందా. రెండోది మినరల్ కలిపిన ఆయిల్ అయ్యుండొచ్చు. కలిపిన ఆయిల్ చెడ్డదని కాదు, ఫుల్ సింథటిక్ ధర దానికి ఇవ్వకండి.

ధర సంగతి. నాకు సర్వీస్ బిల్లులో ఆయిల్ ఒక్కదానికి 1,850 దాకా పడింది. గ్యారేజ్‌లో ఆ 20డబ్ల్యూ-50కి 1,150 తీసుకున్నారు. తేడా 700. పదివేల కిలోమీటర్లకి 700 అంటే కిలోమీటరుకి ఏడు పైసలు, నాకు రోజుకి ఆరు రూపాయల పైన కొద్దిగా. మా ఊళ్లో పెట్రోల్ 109 దగ్గర ఉన్నప్పుడు లెక్కేశాను. పదివేల కిలోమీటర్లకి 500 లీటర్లు తాగే బండిలో ఆరున్నర లీటర్లు మిగిలితే ఆ 700 వెనక్కి వచ్చేసినట్టే. అంటే ఒక శాతం పైన మైలేజీ తేడా చాలు. నాకు కనిపించిన తేడా అంతకంటే ఎక్కువ. డబ్బు మిగుల్చుకోవడానికి మినరల్ పోయించడం ఈ కారులో అసలు కుదరని బేరం.

ఇంత చెప్పాక మా నాన్నగారి కారు గురించి కూడా చెప్పాలి, లేకపోతే అందరూ సింథటికే పోయించమన్నట్టు అవుతుంది. ఆయనది 2008 నాటి వ్యాగన్ఆర్. లక్షా పదివేలు తిరిగింది. ఇప్పుడు రైతు బజారుకీ, గుడికీ, నెలకోసారి తెనాలిలో అత్త వాళ్లింటికీ తప్ప కదలదు. ఏడాదికి 2,500 కిలోమీటర్లు. దానికి బంకులో దొరికే సర్వో 15డబ్ల్యూ-40 మినరల్ పోయిస్తున్నాం. ఇంజిన్ నిశ్శబ్దంగా ఉంది, ఆయిల్ తగ్గట్లేదు. ఆ కారుకి నేను ఫుల్ సింథటిక్ కొనను. కానీ కిలోమీటర్లు కాలేదు కదా అని నాన్న రెండేళ్లు లాగబోతే ఒప్పుకోలేదు. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. లోపల చేరిన తేమ, పెట్రోల్ ఆవిరి బయటికి పోవు, ఆయిల్‌లోనే ఉండిపోతాయి. నా కారులో పదివేలు తిరిగిన ఆయిల్ కంటే నాన్న కారులో ఏడాది నిలవ ఉన్న ఆయిలే ఎక్కువ నలిగి ఉంటుంది. అందుకే కిలోమీటర్లతో పని లేకుండా ప్రతి ఉగాదికి మార్పిస్తున్నాను. పండగ గుర్తుంటుంది కాబట్టి తేదీ మర్చిపోం.

మా తమ్ముడిది టర్బో పెట్రోల్ కారు. వాడికి మాత్రం గట్టిగా చెప్పాను, సింథటిక్ తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని. ఇంజిన్‌లోకి గాలిని నెట్టే టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకి పైగా తిరుగుతుంది. దాని ఇరుసుకి ఆధారం ఆ పల్చటి ఆయిల్ పొరే. హైవే మీద గట్టిగా వచ్చి టక్కున ఆపేస్తే ఆ వేడికి అక్కడున్న ఆయిల్ మాడి బొగ్గులా పేరుకుంటుంది. మినరల్ ఇంకా త్వరగా మాడుతుంది. ఆపే ముందు ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచమని కూడా చెప్పాను. బీఎస్-6 డీజిల్ కారు ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉన్న బండికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే వాడాలి, క్యాన్ మీద సీ2, సీ3 లాంటి గుర్తులు ఉంటాయి. ఎంత ఖరీదైన సింథటిక్ అయినా ఆ గుర్తు లేకపోతే ఆ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది.

సింథటిక్ పోశాను కాబట్టి 15 వేలు, 20 వేలు లాగొచ్చని చెప్పేవాళ్లు మా బ్యాంకులోనే ఇద్దరున్నారు. నేను పదివేలు దాటించను. మన రోడ్ల దుమ్ము, ఊళ్లలో ట్రాఫిక్, మిర్చి లారీల వెనక గంటసేపు పాకడం, ఇవన్నీ ఆయిల్‌కి కష్టాలే. ఆయిల్ నల్లబడగానే టెన్షన్ పడక్కర్లేదు, మసిని తనలోకి తీసుకుంటోందని దాని అర్థం. మట్టం తగ్గితేనే ఆలోచించాలి. నెలకోసారి, పొద్దున స్టార్ట్ చేయకముందు డిప్‌స్టిక్ చూస్తాను. దారిలో తగ్గిపోయి అదే ఆయిల్ దొరక్కపోతే, వేరే ఆయిల్ ఒక అర లీటరు కలిపినా ఇంజిన్ పాడవదు. రెండూ కలుస్తాయి. వచ్చాక మార్పించుకుంటే సరి.

కొనేచోట జాగ్రత్త. ఒకసారి ఒక దుకాణంలో నాకు ఇచ్చిన క్యాన్ మూత కింది రింగు ఊడదీసి మళ్లీ అతికించినట్టు ఉంది. ధర బయటి కంటే 500 తక్కువ. తీసుకోకుండా వచ్చేశాను. ఇప్పుడు సర్వీస్ సెంటర్‌లోనే పోయించినా ఎదురుగా నిలబడతాను. ఏ గ్రేడ్ పోస్తున్నారో చూపించమంటాను, బిల్లు మీద గ్రేడ్ రాయించుకుంటాను. వారంటీలో ఉన్న బండికి ఆ బిల్లే మన ఆధారం. బయట సొంతంగా క్యాన్ కొంటే, ఖాళీ అయ్యాక దానికి మేకుతో బెజ్జం కొట్టి పడేస్తాను. అదే క్యాన్‌లో ఇంకెవరూ నకిలీ ఆయిల్ నింపి అమ్మకూడదు.

కంపెనీ 0డబ్ల్యూ-16కి నా మార్కులు ఐదుకి నాలుగున్నర. అర మార్కు తగ్గించింది అది చిన్న ఊళ్లలో దొరక్కపోవడానికి. నరసరావుపేటలో మూడు దుకాణాలు తిరిగినా లేదు, గుంటూరు నుంచే తెచ్చుకోవాలి. అందుకని ఒక లీటరు క్యాన్ డిక్కీలో పాత చీర ముక్కలో చుట్టి పెట్టుకున్నాను. మీటర్ ఇప్పుడు 43,200 చూపిస్తోంది. 50 వేలకి మళ్లీ ఇదే ఆయిల్, ఈసారి ఆదివారం కోసం చూడకుండా పది రోజుల ముందే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను.