కల్పన స్వరం నేర్చుకోవాలంటే: గురువు దగ్గర విడిగానా, నలుగురితో కలిసా?

కల్పన స్వరం అంటే పాట మధ్యలో, రాగమూ తాళమూ తప్పకుండా, సరిగమల్ని అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడటం. పిల్లలకి వర్ణాలు (గీతాల తర్వాత నేర్పే పాఠాలు) పూర్తయిన ఇళ్ళలో ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. "గ్రూప్‌లో వేస్తే వస్తుందా, లేక మాస్టారిని విడిగా పెట్టించమంటారా?" పెద్దవాళ్ళు కూడా అడుగుతున్నారు, తమ కోసమే.

చిన్నప్పుడు విజయవాడ సత్యనారాయణపురంలో వర్ణాల దాకా నేర్చుకుని, పదో తరగతి రాగానే మానేసినవాళ్ళలో నేనూ ఒకరిని. నలభై దాటాక మళ్ళీ మొదలుపెట్టాను. ఈ నాలుగేళ్ళలో మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా కల్పించి పాడే విద్య) కోసం నాలుగు చోట్లకి తిరిగాను: పద్దెనిమిది మంది ఉన్న ఒక పెద్ద క్లాసుకి, విడిగా గురువుగారి దగ్గరికి, ఐదుగురున్న ఒక చిన్న బృందానికి, శనివారం రాత్రి గిటార్లు పట్టుకుని కూర్చునే కుర్రాళ్ళ దగ్గరికి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటిసారి సొంతంగా నాలుగు స్వరాలు అల్లబోయేవాళ్ళకి చిన్న బృందమే మేలు. అయితే ఆ బృందం ఎలాంటిదో చూసుకుని చేరాలి.

ఎందుకంటే కలిసి పాడటం వేరు, కలిసి కల్పించడం వేరు. పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధనలో అంతమంది ఒక్క గొంతుతో పంచరత్నాలు పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఐదూ ఆదితాళమే. ఆ గోష్ఠిలో కూర్చుంటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అక్కడ ఎవరూ ఏమీ కల్పించరు, కల్పించకూడదు కూడా. స్వరమూ సాహిత్యమూ త్యాగయ్యగారు కూర్చి ఇచ్చినవే. మన ఊళ్ళో నేను చూసిన గ్రూప్ క్లాసులు చాలావరకు ఈ గోష్ఠి పద్ధతిలోనే నడుస్తాయి, కల్పన స్వరం దగ్గరికి వచ్చాక కూడా.

అలాంటి ఒక క్లాసులో రెండు నెలలు కూర్చున్నాను. పద్దెనిమిది మందిమి. ఆరు ఆవర్తనాల స్వరాలు (తాళం ఒకసారి పూర్తయితే ఒక ఆవర్తనం) బోర్డు మీద రాసి, "ఇవే కల్పన స్వరాలు, వచ్చే వారానికి కంఠతా రావాలి" అన్నారు. నా పక్కన కూర్చున్న పాప ఒకరోజు మూడో ఆవర్తనంలో తనకి తోచినట్టు గ నుంచి ప కి వెళ్ళింది. రాగం తప్పలేదు, తాళం తప్పలేదు. "పుస్తకంలో ఉన్నది పాడు" అన్నారు. ఆ పాప మళ్ళీ అలా చేయలేదు. మంచి పోకడలు కంఠతా పట్టడంలో తప్పు లేదు, ఆ సరుకు లేకపోతే అల్లడానికి ఏమీ ఉండదు. దాన్నే కల్పన అని పిల్లలకి చెప్పడం మాత్రం నాకు చాలా బాధనిపించింది.

విడిగా గురువు దగ్గర దొరికేది ఇంకెక్కడా దొరకదు. అది గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికే తీరు. మోహనలో ఉన్నవి ఐదు స్వరాలే, మ, ని ఉండవు. గ మీద ఎంతసేపు నిలవాలో, ద స్వరాన్ని ఎలా పట్టుకుంటే మోహన అనిపిస్తుందో ఎదురుగా కూర్చుని, మన గొంతు విని సరిచేసేవాళ్ళు కావాలి. ఆ పని గ్రూప్‌లో సగమే అవుతుంది.

కానీ కల్పన స్వరం విషయంలో నాకు విడి క్లాసులో ఒక చిక్కు వచ్చింది. తాళం గురువుగారే వేసేవారు. నేను లెక్క తప్పగానే ఆయన చెయ్యి నా కోసం నెమ్మదించేది. నేను ఎత్తుగడకి (పాట మళ్ళీ అందుకునే చోటుకి) సమయానికి రాలేకపోతే ఆయనే అందుకుని నన్ను గట్టెక్కించేవారు. అదంతా ప్రేమతోనే. ఆరు నెలల తర్వాత చూసుకుంటే నేను పాడేవన్నీ ఆయన స్వరాలే, కొంచెం పొట్టిగా. ఆయన ఒక్కసారి పాడి చూపిస్తే అది ఎంత బాగుండేదంటే, ఆ తర్వాత నా గొంతులోంచి వచ్చే ముక్క పాడాలంటేనే మొహమాటంగా ఉండేది.

ఇక్కడ ఒక మాట. గురువుతో ఒంటరిగా గంటసేపు క్లాసు అనేది మన పాత పద్ధతి అనుకుంటాం. కానీ పాతకాలంలో గురువుగారింట్లో శిష్యులు ఒక్కరే ఉండేవారు కాదు. మన విజయవాడ సంగీతానికి పెద్దదిక్కు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారినే తీసుకోండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఆయన శిష్యుడే, వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి గారూ ఆయన శిష్యులే. ఒక గురువుకి పలువురు శిష్యులుంటే, ఒకరికి పాఠం అవుతుంటే పక్కవాడి చెవిలోనూ పడుతుంది. పక్కవాడు తడబడి, సర్దుకుని, ఒడ్డున పడటం చూస్తూ నేర్చుకోవడం గురుకులంలో సగం చదువు. విడి క్లాసులో పోయింది అదే.

గవర్నర్‌పేటలో ఒకరింటి మేడ మీద గదిలో ఆదివారం పొద్దున కూర్చునే మా బృందంలో నాకు అది తిరిగి దొరికింది. ఐదుగురం. రైల్వేలో రిటైరైన బాబాయి గారు, ఇంటర్ చదివే అమ్మాయి, ఇద్దరు గృహిణులు, నేను. నేర్పేది ఒక వయొలిన్ మాస్టారు.

మొదటి రోజు ఆయన ఎంచుకున్నది అందరికీ నోటికొచ్చిన "వరవీణా" గీతం. మోహన రాగం, చతురశ్రజాతి రూపకతాళం, ఆవర్తనానికి ఆరు అక్షరాలు (తాళం లెక్కలు): ద్రుతం అనే భాగానికి రెండు, లఘువు అనే భాగానికి నాలుగు. గీతం "గ గ పా పా" అని గాంధారంతో మొదలవుతుంది. నియమం ఇది: ఒకరు ఒక్క ఆవర్తనం సొంతంగా పాడాలి. వెంటనే అందరూ కలిసి గీతం మొదటి రెండు ఆవర్తనాలు అందుకోవాలి. ఆ తర్వాత పక్కవాళ్ళ వంతు. మధ్యలో ఆగడం లేదు.

బాబాయి గారి వంతు వచ్చింది. ఆయన ఎప్పుడూ సొంతంగా ఒక్క స్వరం పాడినవారు కాదు. ద్రుతం రెండక్షరాలకి "గ రి" అన్నారు. లఘువులో ఏం తోచక మూడక్షరాలు స మీదే నిలబడిపోయి, చివరి అక్షరానికి "రి" అన్నారు. అందరం "గ గ పా పా" అంటూ అందుకున్నాం. చక్కగా అతికింది. రి పక్కమెట్టు గ కదా, దారి దానంతటదే పడింది. మాస్టారు తాళం ఆపకుండానే "అదీ, అంతే!" అన్నారు. తర్వాత అమ్మాయి "ప గ, రి గ స రి" అంది. చివరి రి బాబాయి గారిది, ముందున్నది తనది. మూడో చుట్టులో ఒకావిడ ప దగ్గర ఆపి పైనుంచి గ కి దిగింది. కింద రి నుంచే కాకుండా పై నుంచి కూడా గ కి రావచ్చని మాకందరికీ ఒక్కసారే అర్థమైంది. ఎవరూ బోర్డు మీద రాయలేదు. మాలాంటి వాళ్ళు పాడిన మామూలు ముక్క కాబట్టి వెంటనే ఎత్తుకోగలిగాం. గురువుగారు పాడిన నాలుగు ఆవర్తనాల మెరుపు అయితే నాకు అలా చేతికందేది కాదు.

నాలుగో చుట్టులో నేను లెక్క తప్పి ఏడో అక్షరంలోకి వెళ్ళాను. నా స్వరం మధ్యలో ఉండగానే నలుగురూ గీతం అందుకున్నారు. తాళం నా కోసం ఆగలేదు. మాస్టారు అన్నది ఇప్పటికీ గుర్తు: "స్వరం పోతే పోనివ్వండి, తాళం మాత్రం పోనివ్వకండి." విడి క్లాసులో ఆరు నెలల్లో పట్టుబడని ఎత్తుగడ, ఇక్కడ మూడు ఆదివారాల్లో పట్టుబడింది.

సంఖ్య ముఖ్యం అంటున్నది ఊరికే కాదు. ఒకరి వంతుకి సొంత ఆవర్తనం ఆరు అక్షరాలు, అందరిదీ పన్నెండు, కలిపి 18. ఐదుగురుంటే ఒక చుట్టు 90 అక్షరాలు. సెకనుకి ఒక అక్షరం నడిపితే నిమిషంన్నరకి మళ్ళీ నా వంతు వస్తుంది. ఈలోపు నలుగురిని వింటాను, నా తర్వాతి ముక్క మనసులో తయారవుతుంది. అదే పద్దెనిమిది మంది ఉంటే 324 అక్షరాలు, దాదాపు ఐదున్నర నిమిషాలు. అప్పటికి మనసు ఎటో పోతుంది. నలుగురి నుంచి ఆరుగురి దాకా బాగుంటుంది. అంతకు మించితే రెండు జట్లు చేయమని అడగండి.

చేరే ముందు అడగాల్సిన ఇంకో ప్రశ్న: "శ్రుతి ఎంత?" అంటే స ని ఏ ఎత్తులో పెట్టుకుని పాడతారు అని. ఇది చాలామందికి తట్టదు. ఆడవాళ్ళు మామూలుగా ఐదు శ్రుతి అటూఇటూ పాడతారు, మగవాళ్ళు ఒకటి శ్రుతి దగ్గర. ఇద్దరినీ మూడుకో నాలుగుకో కుదేస్తే ఒకరికి మంద్రం (కింది స్థాయి) అందదు, ఇంకొకరు తారస్థాయిలో కేకలు పెట్టాల్సి వస్తుంది. గొంతు ఇబ్బందిలో ఉంటే ఊహ సాగదు. మా బృందం మొదట్లో ఒకే శ్రుతిలో కూర్చుంది; బాబాయి గారి వంతు ఒక శ్రుతిలో, మిగతావాళ్ళది ఇంకో శ్రుతిలో కుదరదు కాబట్టి ఆ తర్వాత మగవాళ్ళం వేరుగా, ఆడవాళ్ళు వేరుగా చెరో అరగంట పాడుతూ, మిగతావాళ్ళు పక్కనే కూర్చుని వింటున్నాం. వీణ, వయొలిన్, కీబోర్డ్ వాయించేవాళ్ళకి ఈ బాధ అంతగా ఉండదు.

ఇక శనివారం రాత్రి గిటార్ల సంగతి. భవానీపురం వైపు ఒక మిత్రుడింట్లో ఇద్దరు గిటార్, ఒకరు కీబోర్డ్, ఒకరు డబ్బా లాంటి కహోన్. వాళ్ళు వాడే ఐదు స్వరాల మేజర్ పెంటటోనిక్ స్కేల్ అచ్చంగా మన మోహన స్వరాలే. పాశ్చాత్య జాజ్‌లో నాలుగేసి బార్లు వంతులవారీగా పంచుకుని వాయించే అలవాటు ఉంది, మన కచేరీలో గాత్రానికీ వయొలిన్‌కీ మధ్య స్వరాలు పంచుకున్నట్టే. అందుకని ధైర్యంగా వెళ్ళి కూర్చున్నాను. భయం పోగొట్టడంలో ఆ గదికి సాటి లేదు. ఎవరు ఏం పాడినా మొహం చిట్లించరు. అయితే మన తంబురా ఎప్పుడూ స, ప దగ్గరే ఉంటుంది, వాళ్ళ కార్డ్ (ఒకేసారి కలిపి మోగించే కొన్ని స్వరాలు) మాత్రం కింద మారిపోతూ ఉంటుంది. ఒక కార్డ్ మీద హాయిగా కూర్చున్న అదే గ, తర్వాతి కార్డ్ మీద కుదురు లేకుండా వేలాడుతుంది. ఎందుకలా అయిందో చెప్పేవాళ్ళు ఆ గదిలో లేరు. గమకం ఊసే లేదు. సినిమా పాటలకి వాయించాలనుకునేవాళ్ళకీ, కీబోర్డ్ పిల్లలకీ అది మంచి చోటు. రాగం కావాలనుకునేవాళ్ళు బృందంలో ఒక ఏడాది గడిపాక వెళ్తే రెట్టింపు లాభం.

ఆన్‌లైన్ గ్రూప్ క్లాసు దీనికి పనికిరాదు. మాట ఒకరి నుంచి ఒకరికి చేరేసరికి ఆలస్యమవుతుంది, అందరూ కలిసి అందుకోవడం అసాధ్యం. తాళం, శ్రుతి యాప్‌లు ఇంట్లో సాధనకి మాత్రం బంగారం.

ఎవరికి ఏది అని అడిగితే, అలంకారాలు (తాళాల్లో కూర్చిన స్వరసాధన పాఠాలు) రెండు కాలాల్లో (వేగాల్లో) చేతితో తాళం వేస్తూ తడబడకుండా పాడలేనివాళ్ళు ఇంకా బృందంలోకి రాకూడదు, ముందు గురువు దగ్గరికే వెళ్ళాలి. ఆ మెట్టు దాటినవాళ్ళు వారానికి ఒకసారి బృందంలో కూర్చుని, నెలకి రెండుసార్లు విడిగా పాఠం చెప్పించుకుంటే గమకమూ పోదు, తాళమూ నిలబడుతుంది. డబ్బు ఒక్కదానికే సరిపోతే, గొంతు గట్టిపడినవాళ్ళు బృందాన్ని ఎంచుకోండి. కచేరీ చేయాలని, పరీక్షలు రాయాలని ఉన్న పిల్లలకి దుర్గాపురంలో ఘంటసాల పేరున్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. బాలమురళి తొలి ప్రిన్సిపాల్‌గా పనిచేసింది విజయవాడ సంగీత కళాశాలలోనే.

మా బృందం పోయిన వారం మోహన వదిలి హంసధ్వనికి వచ్చింది. ద ఉన్న చోట ని, మిగతా నాలుగు స్వరాలూ అవే. మొదటి చుట్టులో ఐదుగురిలో ముగ్గురం అలవాటుకొద్దీ ద పాడేశాం. నాలుగో చుట్టుకి ఎవరూ పాడలేదు. బాబాయి గారు మళ్ళీ స మీద మూడక్షరాలు నిలబడ్డారు. ఈసారి తోచక కాదు, కింది నిషాదాన్ని ఒక్కసారి తాకి, అక్కడి నుంచి రి మీదుగా గ కి రావడానికి.