సైకోడైనమిక్ థెరపీ: 16 సెషన్లా, ఏళ్ల తరబడా, ఆన్‌లైనా?

సైకోడైనమిక్ థెరపీ (మనకే తెలియకుండా పాత బంధాల నుంచి మోసుకొచ్చే భయాల్నీ అలవాట్లనీ మాటల్లో బయటికి తెచ్చే చికిత్స) అనగానే చాలామందికి సోఫా మీద పడుకుని చిన్నప్పటి సంగతులు చెప్పుకోవడం, వెనక కూర్చున్న డాక్టరు ఉలుకూ పలుకూ లేకుండా వినడం గుర్తొస్తాయి. వారానికి నాలుగైదు రోజులు సాగే ఆ ఫ్రాయిడ్ కాలపు పద్ధతి ఇంకా ఉంది గానీ, ఇప్పుడు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది తేల్చుకోవాల్సింది వేరే: 16 నుంచి 24 సెషన్లలో ముగిసేదా, వారం వారం ఏడాదీ రెండేళ్లూ నడిచేదా, లేక ఆన్‌లైన్లోనా?

పొట్టి రకంలో ఊరంతా తిరగరు, ఒక్క ముడినే పట్టుకుంటారు. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవల్లో డిప్రెషన్‌కి ఇచ్చే డైనమిక్ ఇంటర్‌పర్సనల్ థెరపీ ఇలాంటిదే, 16 సెషన్లు. పని ఎలా జరుగుతుందంటే, ఒకాయన పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి మూడుసార్లు సారీ చెప్పి "మీకు కోపం వచ్చిందా?" అని అడుగుతాడు. మామూలుగా మనమైతే "అబ్బే, అదేం లేదండీ" అని సర్దేస్తాం. థెరపిస్టు మాత్రం "నాకు కోపం వస్తే ఏమవుతుందని మీకనిపిస్తోంది?" అని అడుగుతారు. బాస్ దగ్గరా, భార్య దగ్గరా, ఒకప్పుడు నాన్న దగ్గరా ఆయన పడ్డ టెన్షనే ఆ గదిలోకీ వచ్చిందని అప్పుడు కనబడుతుంది. దీన్నే ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు.

మరి సీబీటీ కంటే, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ నేరుగా మార్చుకోవడం నేర్పే చికిత్స కంటే, ఇది తక్కువా? నెదర్లాండ్స్‌లో డిప్రెషన్ ఉన్న 341 మందిలో కొందరికి ఇదీ, కొందరికి సీబీటీ, 16 సెషన్ల చొప్పున ఇచ్చి పోల్చిన అధ్యయనం 2013లో వచ్చింది, చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. సంబరపడకండి, లక్షణాలు దాదాపు పూర్తిగా తగ్గినవాళ్లు రెండు వైపులా నాలుగో వంతుకి కూడా చేరలేదు. 16 సెషన్లతో అందరికీ సరిపోదన్నమాట.

పొడుగు రకం విలువ అక్కడే తెలుస్తుంది. లండన్‌లోని టావిస్టాక్ మానసిక చికిత్సా కేంద్రంలో, కనీసం రెండు చికిత్సలు తీసుకున్నా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టున్న డిప్రెషన్ రోగులకి 18 నెలలపాటు వారానికోసారి ఈ థెరపీ ఇచ్చారు. 2015లో ఫలితాలొచ్చాయి. చికిత్స ముగిసేనాటికి, మామూలు చికిత్సే తీసుకున్నవాళ్లతో పోలిస్తే తేడా పెద్దగా లేదు. రెండేళ్ల తర్వాత చూస్తే థెరపీ తీసుకున్నవాళ్లలో 44 శాతం మందికి ఆ డిప్రెషన్ లేదు, మిగతావాళ్లలో 10 శాతమే. పోల్చింది మామూలు చికిత్సతోనే, సీబీటీతో కాదు, ఆ మాట కూడా గుర్తుంచుకోవాలి. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ (భావాలూ బంధాలూ తీవ్రంగా ఊగిసలాడే సమస్య) లాంటి వాటికి వాడే మెంటలైజేషన్ థెరపీ, అంటే తన మనసులోనూ ఎదుటివాళ్ల మనసులోనూ ఏముందో గ్రహించడం నేర్పేది, కూడా సాధారణంగా ఏడాదిన్నర పడుతుంది, దాన్ని పది వారాల్లో కుదిస్తామని ఎవరైనా అంటే నేనైతే నమ్మను.

ఇక ఆన్‌లైన్. స్వీడన్‌లో డిప్రెషన్ ఉన్న 272 మంది టీనేజర్ల మీద చేసిన అధ్యయనం 2022లో వెలువడింది: ఈ థెరపీనే ఇంటర్నెట్‌లో పది వారాలు, చదివి రాసే పాఠాలు, వారానికోసారి థెరపిస్టుతో చాట్. ఇంటర్నెట్ సీబీటీకి అది తీసిపోలేదు. ఎదురుగా కూర్చుని నోరు విప్పలేని కుర్రాళ్లకి మంచి దారే. చచ్చిపోవాలన్న ఆలోచనలు తీవ్రంగా ఉన్నవాళ్లు మాత్రం దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు, వెంటనే డాక్టర్ని కలవాలి.

నన్నడిగితే, బాధ ఎప్పుడు మొదలైందో చెప్పగలిగితే, అంటే ఒక విడాకులో, ఒక చావో, ఉద్యోగం పోవడమో అయితే, పొట్టిదే మేలు. ముగిసే తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి మనిషి అసలు విషయానికి త్వరగా వస్తాడు, పైగా విడిపోవడమంటే భయపడేవాడికి ఆ చివరి సెషన్లే పెద్ద పని. మనుషులు మారినా ప్రతి బంధం ఒకే చోట తెగుతుంటే, ఇదివరకటి చికిత్సలు పనిచేయకపోతే, పొడుగుదానికే వెళ్లండి. కాకపోతే అంతూ పొంతూ లేకుండా సాగే ప్రమాదం దానికుంది, అందుకని మొదటి రోజే "ఆర్నెల్లకోసారి ఎంతవరకొచ్చామో కూర్చుని చూసుకుందామా?" అని అడగండి. ఆ ప్రశ్నకి చిరాకు పడే థెరపిస్టయితే ఇంకొకర్ని వెతుక్కోండి.