కాన్పు తర్వాత పరుగు: ఆరో వారమా, మూడో నెలా?

పరుగు అలవాటున్న స్త్రీలు తల్లులయ్యాక నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇదే: ఆరో వారం పరీక్షలో డాక్టరు అంతా బాగుందంటే మళ్లీ పరుగెత్తవచ్చా, లేక మూడు నెలలు ఆగాలా? మొదటి కాన్పు తర్వాత నేను ఆరు వారాల మాట నమ్మాను, రెండో కాన్పు తర్వాత మూడు నెలలు ఆగాను. నా మొగ్గు రెండోదాని వైపే ఉందని ముందుగానే చెప్పి, కారణాలు వివరిస్తాను.

ఆరు వారాల గడువు ఊరికే పుట్టలేదు. గర్భసంచి కుంచించుకుని ఇంచుమించు పూర్వపు పరిమాణానికి చేరడానికి సుమారు అంత కాలమే పడుతుంది. కుట్లు మానడం, రక్తస్రావం ఆగడం కూడా చాలామందిలో ఆ లోపే జరుగుతాయి. అయితే ఆ పరీక్షలో చూసేవి గాయం మానిందా, ఇన్ఫెక్షన్ ఏమైనా ఉందా, రక్తపోటు ఎలా ఉంది, తల్లి మనసు కుదురుగా ఉందా అన్న విషయాలే తప్ప, ఒంటికాలి మీద పదిసార్లు గెంతి చూపమని ఆ గదిలో ఎవరూ అడగరు. ‘ఇక మామూలు పనులన్నీ చేసుకోవచ్చు’ అన్న మాటలో పరుగును కూడా కలిపేసుకునేది మనమే. పరుగులో ఒక్కో అడుగుకు నేల నుంచి శరీరానికి తిరిగి తగిలే బలం మన బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. 60 కిలోల మనిషి నిమిషానికి 160 అడుగుల చొప్పున అరగంట పరుగెత్తితే, 120 కిలోలకు పైబడిన ఆ తాకిడిని 4,800 సార్లు ఓర్చుకోవాలి. పచ్చి ఒంటితో ఉన్న బాలింతకు అది మామూలు పని ఎలా అవుతుంది?

నా దృష్టిలో ఈ విషయాన్ని తేల్చేది ఒక్కటే, అది పెల్విక్ ఫ్లోర్. మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలాశయాన్ని కింది నుంచి ఉయ్యాలలా మోసే కండరాల పొర ఇది. సహజ కాన్పులో బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు ఈ కండరాల్లో కొన్ని భాగాలు మామూలు పొడవుకు రెండు మూడు రెట్లు సాగుతాయి. వాటితో పాటు వాటిని పట్టి ఉంచే కణజాలం కూడా సాగుతుంది, కొందరిలో చిరుగుతుంది. ఇవి కోలుకోవడం నాలుగు నుంచి ఆరు నెలల దాకా సాగే పని. పైన గాయం మానినంత మాత్రాన లోపలి ఉయ్యాల బిగిసిందని అనుకోవడానికి లేదు.

మొదటి కాన్పు అయిన ఏడో వారంలో నేను పరుగుకు బయలుదేరిన రోజు నాకు బాగా గుర్తుంది. గాలి బాగుంది, కాళ్లు తేలిగ్గా ఉన్నాయి, ఊపిరి కూడా అనుకున్నంత ఇబ్బంది పెట్టలేదు. రెండో కిలోమీటరు దాటకముందే లోదుస్తులు తడిశాయి. ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకుంటే కింద ఏదో బరువు వేలాడుతున్నట్టు అనిపించింది, సాయంత్రానికి అది ఎక్కువైంది, పడుకుంటే తగ్గింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా మరో రెండు వారాలు అలాగే పరుగెత్తాను. చివరికి చూపించుకుంటే గర్భసంచి కొద్దిగా జారిందని తేలింది, ఆ తర్వాత ఐదు నెలలు పరుగన్న మాటే లేదు. కాన్పు అయ్యాక ఆ మాత్రం చుక్కలు పడటం అందరికీ ఉండేదేనని సర్దిచెప్పేవారు చాలామంది ఉంటారు. ఎక్కువమందికి ఉందంటే అది పట్టించుకోనక్కర్లేని సంగతని కాదు. దగ్గినా, తుమ్మినా, గెంతినా మూత్రం చుక్క పడుతోందంటే ఆ కండరాలు ఇంకా భారం మోయలేకపోతున్నాయని అర్థం.

మూడు నెలల మాటకు బలం చేకూర్చినది 2019లో యునైటెడ్ కింగ్‌డమ్‌లో టామ్ గూమ్, గ్రాన్యా డోనెలీ, ఎమ్మా బ్రాక్‌వెల్ అనే ముగ్గురు ఫిజియోథెరపిస్టులు వెలువరించిన మార్గదర్శకాలు. కాన్పు అయిన మూడు నుంచి ఆరు నెలల మధ్య, అదీ లక్షణాలేవీ లేకపోతేనే, పరుగు మొదలుపెట్టవచ్చని వారు సూచించారు. మూడు నెలలు నిండగానే బూట్లు వేసుకోవచ్చని దీని అర్థం కాదు, అంతకుముందు వద్దనే హద్దుగానే దాన్ని చూడాలి. హద్దు దాటాక చేయవలసిన పరీక్షలు కూడా అందులో ఉన్నాయి: అరగంట నడక, ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం, ఒక్కో కాలి మీద పది గుంజీలు, నిలబడిన చోటనే ఒక నిమిషం జాగింగ్, ఒక్కో కాలి మీద పది గెంతులు మొదలైనవి. నొప్పి, బరువు, తడి ఏవీ లేకుండా ఇవి చేయగలగాలి. రెండో కాన్పు తర్వాత పన్నెండో వారంలో నేను గోడ పక్కన నిలబడి వీటిని మొదలుపెట్టాను. కుడికాలు పది గెంతులూ పూర్తిచేసింది, ఎడమకాలి మీద ఏడో గెంతుకు ఆ పాత బరువు తెలిసింది. ఆపేశాను. పదిహేనో వారంలో పది గెంతులూ ఏ ఇబ్బందీ లేకుండా అయ్యాయి. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున ఎనిమిది విడతలతో మొదలుపెట్టి, ప్రతిసారీ మర్నాటి దాకా ఒంటిని గమనించుకున్నాకే తర్వాతి పరుగు పెట్టుకున్నాను.

ఆగిన కాలం ఖాళీ కాలం కానక్కర్లేదు. పెల్విక్ ఫ్లోర్ కండరాలను పది సెకన్ల దాకా బిగించి వదలడం పదిసార్లు, వెంటవెంటనే బిగించి వదలడం పదిసార్లు, రోజుకు మూడు పూటలు చేస్తే అది పరుగుకు సిద్ధం కావడమే. ఆరో వారానికే మొదలుపెట్టాలనుకునేవారి ఆరాటం నాకు తెలియనిది కాదు. నిద్ర లేని రాత్రుల మధ్య తనకంటూ అరగంట కావాలని మనసు ఎంత కొట్టుకుంటుందో అనుభవించాను, ఆ అరగంట మనసును నిలబెడుతుందని నమ్ముతాను కూడా. కానీ వేగంగా నడిచినా ఆ అరగంట దక్కుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలింతలకు వారానికి 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చాలంటుంది, అందులో నడక కూడా లెక్కకు వస్తుంది.

సిజేరియన్ అయినవారు కింద కుట్లేమీ లేవు కదా అని తొందరపడటం చూస్తుంటాను. తొమ్మిది నెలల బరువు వారి పెల్విక్ ఫ్లోర్ కూడా మోసింది. పైగా కోసి కుట్టిన పొత్తికడుపు పొరకు ఆరు వారాలకు పాత బలంలో సగానికి కాస్త పైగా మాత్రమే తిరిగి వస్తుందని, ఆరేడు నెలలకు కూడా అది పూర్తి బలానికి చేరకపోవచ్చని తెలిస్తే ఆ తొందర తగ్గుతుంది.

పాలిచ్చే తల్లి విషయంలో ఎముకల సంగతి కూడా చూడాలి. పాలిచ్చే నెలల్లో నడుము వెన్నుపూసల ఎముక సాంద్రత 3 నుంచి 5 శాతం దాకా తగ్గుతుంది, పాలు మాన్పించాక తిరిగి పుంజుకుంటుంది. పాల ఉత్పత్తికే రోజుకు దాదాపు 500 కేలరీలు ఖర్చవుతున్నప్పుడు, బరువు తగ్గాలని తిండి తగ్గించి పరుగు పెంచితే ఎముకకు పగులు రావచ్చు. 2007 జనవరిలో బిడ్డను కని, అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మారథాన్ గెలిచిన పౌలా రాడ్‌క్లిఫ్‌ను అందరూ ఉదాహరణగా చూపుతారు. ఆ రెండింటి మధ్య ఆమె వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థికి పగులు వచ్చి పరుగు ఆపవలసి వచ్చిన సంగతి మాత్రం అంతగా చెప్పుకోరు.

మిగతా దారుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రక్తస్రావం ఆగి కుట్లు మానాక ఈత మంచిదే. ట్రెడ్‌మిల్ మీద పరుగు కూడా పరుగే, దానికీ ఇవే హద్దులు. బిడ్డను బండిలో తోసుకుంటూ పరుగెత్తడం, బిడ్డ మెడ, నడుము గట్టిపడే ఆరేడు నెలల దాకా వద్దు.

ఆరో వారం పరీక్షకు తప్పకుండా వెళ్లాలి, కాకపోతే నోరు తెరిచి అడగవలసినవి అడగాలి. పెల్విక్ ఫ్లోర్ బిగింపు ఎలా ఉంది, గర్భసంచి ఏమైనా జారిందా, పొత్తికడుపు మధ్య కండరాలు ఎంత ఎడంగా ఉన్నాయి అని అడగండి. వీటిని పరీక్షించే ఫిజియోథెరపిస్టు ఉంటే వారి దగ్గరికి పంపమని కోరండి. పన్నెండో వారంలో గెంతి చూసుకున్నప్పుడు తేడా కనిపిస్తే, మళ్లీ వారి దగ్గరికే వెళ్లవచ్చు.