ఆన్ ఆర్బర్ గ్రంథాలయం వారి ‘ఓల్డ్ న్యూస్’: ఒక విశ్వవిద్యాలయ పట్టణంలో 1950ల బాల్యం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఉన్న ఆన్ ఆర్బర్‌లో 1950లలో బడికి వెళ్ళిన పిల్లల రోజులు ఎలా గడిచేవో తెలుసుకోవాలనుకునేవారికి, ఆ ఊరి ప్రజా గ్రంథాలయం నిర్వహిస్తున్న ‘ఓల్డ్ న్యూస్’ అనే పాత పత్రికల భాండాగారం ఎంతో ఉపయోగపడుతుంది. 1835లో మొదలై 2009 జూలైలో మూతపడిన ఆన్ ఆర్బర్ న్యూస్ దినపత్రిక కత్తిరింపులూ, ఆ పత్రిక ఫొటోగ్రాఫర్లు తీసిన చిత్రాలూ ఇందులో ముఖ్యమైన సరుకు. ఇంటర్‌నెట్‌లో వీటిని చూడడానికి రుసుమేమీ కట్టనక్కరలేదు, ఆ ఊరివాళ్ళే అయివుండాలన్న నియమమూ లేదు.

పెద్ద నగరాల పత్రికలు పిల్లలను పట్టించుకోవడం అరుదు. చిన్న ఊరి పత్రిక అలా కాదు. బడిలో జరిగిన నాటకం, మంచు మీద స్కేటింగ్, కొత్తగా వచ్చిన పంతులమ్మ, ఇవన్నీ దానికి వార్తలే. పైగా విశ్వవిద్యాలయమే ఊరికి జీవనాధారమైన చోట పిల్లల బడికీ పెద్దల కళాశాలకీ నడుమ గోడ పలచగా ఉంటుంది. 1950 జనాభా లెక్కల్లో ఆన్ ఆర్బర్ జనాభా 48,251. అంతకుముందు 1940లో అది 29,815 మాత్రమే. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు ప్రభుత్వ సహాయంతో చదువుకోవడానికి వచ్చి చేరడం ఈ పెరుగుదలకు ఒక కారణం కాగా, కళాశాల విద్యార్థులను తల్లిదండ్రుల ఇంటి లెక్కలో కాక చదువుకునే ఊరి లెక్కలో చేర్చడం 1950లోనే మొదలవడం మరొక కారణం. 1956 నాటికి ఈ ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలో 1,01,001 మంది కూర్చోవచ్చు. అంటే ఊళ్ళో ఉన్న ప్రాణులన్నిటినీ కూర్చోబెట్టినా ఇంకా బోలెడు చోటు మిగులుతుంది! ఆట ఉన్న శనివారం అక్కడి పిల్లలకు ఎంత పెద్ద పండుగో చెప్పడానికి ఈ ఒక్క సంఖ్య చాలు.

ఈ భాండాగారాన్ని నిర్వహించే గ్రంథాలయానికీ ఆ బాల్యానికీ దగ్గరి చుట్టరికం ఉంది. స్టేట్ వీధిలో ఉన్న ఉన్నత పాఠశాల 1904 చివరిరోజున కాలిపోగా, 1907లో కొత్త భవనం వెలిసింది. అమెరికా ఉక్కు వ్యాపారి కార్నెగీ విరాళంతో కట్టిన గ్రంథాలయం దానికి ఆనుకునే ఉండేది. బడి వదిలాక గ్రంథాలయానికి వెళ్ళాలంటే ఇంకో వీధికి పోనక్కరలేదన్నమాట. 1956లో ఉన్నత పాఠశాల ఊరి అంచున కట్టిన కొత్త ప్రాంగణానికి తరలిపోయింది, 1957లో గ్రంథాలయం ఫిఫ్త్ అవెన్యూలోని సొంత భవనానికి మారింది. విశ్వవిద్యాలయం చేతికి వచ్చిన పాత భవనాన్ని 2007లో కూల్చివేశారు. కార్నెగీ గ్రంథాలయపు ముందరి గోడ మాత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. ఈ సంగతులు తెలుసుకుని పాత చిత్రాలను చూస్తే, వీధి మూలలో నిలబడిన పిల్లల వెనుక కనిపించే ఇటుక గోడ ఏమిటో ఇట్టే పోల్చుకోవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను 1955 ఏప్రిల్ 12 అంటాను. ఆ రోజు విశ్వవిద్యాలయంలోని రాకమ్ సభామందిరంలో అక్కడి ఆచార్యులు డాక్టర్ థామస్ ఫ్రాన్సిస్, తన దగ్గర ఒకప్పుడు పరిశోధన చేసిన జోనస్ సాల్క్ తయారుచేసిన పోలియో టీకా సురక్షితమైనదనీ, పనిచేస్తున్నదనీ ప్రకటించారు. అంతకుముందు ఏడాది జరిగిన ఆ టీకా పరీక్షలో పాల్గొన్న పిల్లలు 18 లక్షల పైచిలుకు. వేసవి వస్తే ఈతకొలనుకు పంపడానికి తల్లులు జంకే రోజులవి. లోకమంతటికీ పతాక శీర్షిక అయిన ఈ సంగతి ఆన్ ఆర్బర్ పత్రికకు పక్కవీధి వార్త, అక్కడి పిల్లల్లో కొందరికైతే తమ నాన్నగారి కొలువులో జరిగిన ముచ్చట.

ఇక ఇబ్బందుల విషయానికి వస్తే, పాత అచ్చు చెరిగిపోయిన చోట, వెతకడానికి వీలుగా పేజీలను చదివిపెట్టే యంత్రం అక్షరాలను తప్పుగా చదవడం ఇలాంటి భాండాగారాలన్నిటా ఉన్నదే. అంతకంటే పెద్ద చిక్కు ఆనాటి పత్రికల అలవాటులోనే ఉంది. పెళ్ళయిన స్త్రీని ఆమె పేరుతో కాక, భర్త పేరుకు ముందు ‘మిసెస్’ చేర్చి రాసేవారు. అందువల్ల ఒక ఉపాధ్యాయినినో, విద్యార్థి తల్లినో ఆమె పేరుతో వెతికితే దొరకకపోవచ్చు. భర్త పేరుతోనో, ఇంటి చిరునామాతోనో వెతకాలి. ఫలానావారి ఇల్లాలు అని చెప్పడం మనకూ అలవాటే కనుక ఈ కిటుకు తెలుగువారికి తొందరగానే పట్టుబడుతుంది.

పత్రిక ఎవరి బాల్యాన్ని ఎంత నింపాదిగా రాసిందన్నది వేరే ప్రశ్న. ఆన్ ఆర్బర్‌లో నల్లజాతివారికి ఇళ్ళు అమ్మకూడదని దస్తావేజుల్లోనే షరతులు రాసుకున్న పేటలు ఉండేవి. దాంతో వారు ఎక్కువగా ఊరి ఉత్తరపు భాగంలోనే కాపురాలు పెట్టుకున్నారు, వారి పిల్లల్లో ఎక్కువమంది అక్కడి జోన్స్ పాఠశాలకు వెళ్ళేవారు. 1965లో ఆ బడిని మూసివేసి పిల్లలను ఇతర బడులకు పంపారు. పత్రిక కత్తిరింపులనే చదివితే ఇది పాఠశాలల బోర్డు తీర్మానంగా మాత్రమే అర్థమవుతుంది. ఆ బడి అంటే తమకు ఏమిటో అందులో చదివినవారు చెబితేగాని మనకు తెలియదు. గ్రంథాలయం వారు ఈ లోటును గుర్తించి, ఆ జిల్లాలోని ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంతో కలిసి పెద్దవారి జ్ఞాపకాలను వారి గొంతుతోనే రికార్డు చేసి అందుబాటులో ఉంచారు. ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచినవి ఆ ముఖాముఖులే. ముందు వాటిని విని, ఆ తరువాత కత్తిరింపులు తెరవమని నా సలహా. వరుస తిరగబడితే పత్రిక చెప్పిందే ఊరి కథ అనుకునే ప్రమాదం ఉంది. జోన్స్ పాఠశాల భవనంలో 1972 నుంచి కమ్యూనిటీ హైస్కూల్ నడుస్తున్నది, కాబట్టి ఆ ముఖాముఖుల్లో వినిపించే బడి మెట్లను ఇప్పటి పిల్లలు కూడా రోజూ ఎక్కుతూనే ఉన్నారు.